మొదటి వేలు విమలక్కది

మొన్న నారాయణగూడలో ఒక హాస్టల్‌లో రక్తపరీక్షల శిబిరం పెట్టాం. స్పిరిట్ దూది నా వేలికి రుద్దుకోగానే, ఆ చల్లదనానికి విమలక్క గుర్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో చిక్కడపల్లిలోని ఒక చిన్న క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఆమె అక్కడ కౌన్సెలర్, పరీక్షకు వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పేది. సుఖవ్యాధుల పరీక్ష ఉచితమే అయినా, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో జనం మా గడప తొక్కేవాళ్లు కాదు.

ఒకరోజు బాలమణి వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి, అశోక్ నగర్‌లో కడుతున్న బిల్డింగ్‌లో ఇటుకలు మోసేది. ఐదో నెల గర్భిణి. బయట బెంచీల నిండా మనుషులు. నేను తలుపు దగ్గర నిలబడి, "సుఖవ్యాధి పరీక్ష ఎవరికమ్మా?" అని అరిచాను. అంత బుద్ధి తక్కువ పని మళ్లీ చేయలేదు. అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని వెళ్లిపోయింది.

విమలక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రోగముంటే కడుపుల బిడ్డకు గూడ అంటుతది. సూదిమందుతోని పోయేదానికి బిడ్డను పోగొట్టుకోవాల్నా? రేపు పొద్దుగాల పరీక్ష కిట్లు పట్టుకొని రా. మనమే పోదాం" అంది.

మర్నాడు పని మొదలుకాకముందే ఆ బిల్డింగ్ దగ్గర కంకర కుప్ప పక్కన కుర్చీ వేశాం. కూలీలు దూరంగా నిలబడ్డారు. బాలమణి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. యాభై దాటిన విమలక్క, రూపాయి బిళ్లంత బొట్టుతో, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"సుఖవ్యాధి పరీక్ష నాకే. నిన్న అరిచినవ్ గద, ఇప్పుడు గూడ గట్టిగ చెప్పు."

ఎలాగో చెప్పాను. మేస్త్రీ నవ్వాడు.

"ఏందన్నా నవ్వుతున్నవ్? నాకు పెండ్లి గాలేదా? సంసారం చేసేటోళ్లకు ఎవరికన్న వస్తది. నా తర్వాత నువ్వే రా."

వచ్చాడు. అతని వెనక ఒక్కొక్కరూ వచ్చారు. అందరికన్నా చివర బాలమణి. "అక్కా, జర మెల్లగ మాట్లాడు" అంది నాతో. తలూపాను. ఫలితాలు మాత్రం విమలక్క ఒక్కొక్కరినే సిమెంటు బస్తాల గదిలోకి పిలిచి చెప్పింది. బాలమణికి రోగం ఉంది. ఆమెకూ భర్తకూ సూదిమందు ఇప్పించాం. ఆ చలికాలంలో పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పాప ఏ లోపమూ లేకుండా ఉంది. నేను ఏడ్చేశాను.

విమలక్క ఇప్పుడు లేదు. ఎక్కడ శిబిరం పెట్టినా మొదటి వేలు నాదే, పరీక్ష పేరు గట్టిగా చెప్పేదీ నా విషయంలోనే. బాలమణి అనేది నేను పెట్టిన పేరు. అసలు పేరు మా ఇంట్లోవాళ్లకు కూడా ఇంతవరకు చెప్పలేదు.