ఉప్పు మూట, నొప్పి పట్టీ

భూపాలపల్లి గని క్వార్టర్లలో ఆ నెలంతా ఒకటే మాట. పెంటమ్మ మొగునికి మత్తు పట్టీలు అంటించి మంచాన పడేసిందట, ఒకనాడైతే పానం మీదికే తెచ్చిందట. అంబులెన్స్ వచ్చింది నిజమే. తక్కినదంతా అబద్ధం. ఆ సంగతి కొమురయ్య చెల్లెలు రుక్మిణికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కొమురయ్య ముప్పయ్యేళ్లు గని ల్యాంపు రూములో పనిచేశాడు. లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే పని. ఒక్క దీపం తక్కువైతే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. రిటైరయ్యాక క్యాన్సర్ వచ్చి నడుము ఎముకలకు పాకింది. గోలీలు మింగితే కక్కుకునేవాడు. అప్పుడు, దవాఖాన నుంచి ఇంటికొచ్చి చూసే నర్సు ప్రేమలత ఈ పట్టీలు తెచ్చింది. ఒకటి అంటిస్తే మూడు దినాలు చర్మంలోంచి మెల్లగా మందు ఎక్కుతుంది. ఆయనకు తిండి సయించింది, నిద్ర పట్టింది. రుక్మిణి వచ్చి వాళ్లమ్మ తిట్ల ముచ్చట్లు ఎత్తుకుంటే కడుపు పట్టుకుని నవ్వే ఓపిక కూడా వచ్చింది.

పెంటమ్మ చదివింది నాలుగో తరగతే. ఆ పట్టీల దగ్గర మాత్రం ల్యాంపు రూము ఆఫీసరు కూడా ఆమె ముందు దిగదుడుపే. మార్చిన రోజు, గంట క్యాలెండర్ మీద రాసుకునేది. పాతది తీయనిదే కొత్తది పెట్టేది కాదు. కిందటిసారి పెట్టిన చోట మళ్లీ పెట్టేది కాదు. తీసినదాన్ని జిగురు లోపలికి మడిచి, ఆయన పాత టిఫిను డబ్బాలో వేసి తాళం పెట్టి, ప్రేమలత రాగానే అప్పజెప్పేది. "దిగిన దీపం తిరిగి రావాలె, అంతేనానే?" అని కొమురయ్య మంచంలోంచి ఆటపట్టించేవాడు.

ఒకనాడు ఎదురింటి కట్టమ్మ మోకాళ్లు పట్టుకుని వచ్చింది.

"ఒక్కటియ్యవే, నీ సొమ్మేం పోతది?"

"అక్కా, గిది ఆయన ఒంటికి చూసి డాక్టరిచ్చిన మందు. నీకంటిస్తే మోకాలి నొప్పి పోతది, ఎంబడే ఊపిరీ పోతది."

కట్టమ్మ మూతి మూడు వంకర్లు తిప్పి వెళ్లింది.

చలికాలంలో రుక్మిణి చిట్యాల నుంచి అన్నను చూడవచ్చింది. పెంటమ్మ రేషన్ బియ్యానికి పోతూ, "పట్టీని ముట్టకు. వేడి తగలనియ్యకు" అంది. రుక్మిణి తలూపింది. కాసేపటికి కొమురయ్య, "రుక్కీ, వీపు గుంజుతాందే" అన్నాడు. వీపు గుంజితే ఏ ఇంట్లోనైనా చేసేది ఒకటే, ఉప్పు కాపడం. రాళ్ల ఉప్పు వేయించి, పాత చీరముక్కలో మూటగట్టి రుక్మిణి అన్న వీపంతా ఒత్తింది. పట్టీ భుజం వెనుక ఉంది. దాన్ని చేత్తో ముట్టలేదు, మూటతోనే ముట్టింది. చల్లారితే మళ్లీ వేయించి తెచ్చింది. "హాయిగున్నదే" అంటూనే ఆయన కళ్లు మూశాడు.

పెంటమ్మ బియ్యం సంచి దించేసరికి ఆయన గురక తీరు మారింది. పిలిస్తే పలకలేదు. మంచం పక్కన ఉప్పు మూట కనిపించింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. గోడ గడియారం చూస్తూ ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టింది. నిమిషానికి ఆరే ఊపిరులు. పట్టీ ఊడదీసి మడిచి డబ్బాలో పడేసి, భుజాలు కుదిపింది.

"లెవ్వు! షిఫ్టుకు యాళ్లైతాంది, లెవ్వు!"

రుక్మిణి 108కి, తర్వాత ప్రేమలతకు ఫోన్ చేసింది. "పట్టీ తీసినా, తోలు కింద ఉన్న మందు ఇంకా ఎక్కుతనే ఉంటది. ఆగొద్దు, తీస్కరండ్రి" అంది ప్రేమలత. దవాఖానలో విరుగుడు సూది ఇచ్చి రెండు దినాలు కళ్లముందే పెట్టుకున్నారు. డాక్టరు అడిగితే పెంటమ్మ, "కాపడం తగిలింది సార్" అంది. ఎవరి చెయ్యో చెప్పలేదు.

తర్వాత డాక్టర్లే చూసి మళ్లీ పట్టీలు మొదలుపెట్టారు. ఈలోగా కట్టమ్మ నోటి నుంచి పంపు దగ్గరికి, పంపు దగ్గరి నుంచి చిట్యాల దాకా మాట పాకింది. కొమురయ్య దాయాదులు, పాలోళ్లు నలుగురు పట్టీలు మాన్పించడానికి బయల్దేరారు. రుక్మిణీ వాళ్ల వెంట వచ్చింది. కట్టమ్మ తమాషా చూడ్డానికి గుమ్మంలో నిలబడింది.

"బంద్ పెట్టు" అన్నాడు ఒక పెద్దమనిషి.

"పెడ్త. రాత్రంతా ఆయన ఒర్లుతుంటే పక్కన ఎవరు కూసుంటరో చెప్పుండ్రి" అంది పెంటమ్మ.

కొమురయ్య మంచంపట్టెను గట్టిగా పట్టుకున్నాడు. ఆ వేళ్లు చూశాక రుక్మిణికి నోరు మూసుకుని ఉండడం చేతకాలేదు.

"కాపడం పెట్టింది నేను. వదినె వద్దని చెప్పిపోయింది. వేడి తగిలితే మెల్లగ ఎక్కే మందు ఒక్కపారే ఎక్కుతదట. అన్న పానం మీదికి తెచ్చింది నేను, నిలబెట్టింది ఆమె."

గుమ్మంలోని కట్టమ్మే ముందుగా, "అయితే నా మోకాలుకియ్యంది మంచిదే ఆయె" అని గొణిగి ఇంటిదారి పట్టింది. పాలోళ్లు చాయ్ తాగి పోయారు.

రుక్మిణి వంటింట్లోకి వెళ్లి అడిగింది. "నెల దినాలు ఊరోళ్ల తిట్లన్ని పడ్డవు. నా పేరెందుకు చెప్పకపోతివి వదినే?"

పెంటమ్మ డబ్బా తాళం తీస్తూ అంది. "చెప్తే సిగ్గుకు నువ్వు మళ్ల ఈ గడప తొక్కుతుంటివా? గీ పట్టీ నొప్పిని తీస్తది గని, మీ అమ్మ తిట్లు చెప్పి నవ్వియ్యదు గద. పో, చేతులు కడుక్కొని రా. ఇయ్యాల మూడో దినం, కొత్తది నువ్వే ఎయ్యాలె."