బావ గుండెను చూపించడానికి పట్నం పోయిన మూడు రోజులు

గద్వాల నుంచి పట్నం పోయే పొద్దుటి రైలుకు మీరు కూడా ఎప్పుడైనా రోగిని వెంటబెట్టుకొని ఎక్కాల్సి వస్తే ముందే చెప్తున్నాను, అరగంట ముందు స్టేషనుకు చేరండి, టిఫిను ఇంట్లోనే కట్టించుకోండి. నేను రిటైరయిన బస్సు కండక్టరును. ఉద్యోగమంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు రోడ్ల మీదే గడిచింది. రైలంటే నాకు మొదటి నుంచీ పడదు. జరగండి, సర్దుకోండి అని అరిచి నలుగురిని కూర్చోబెట్టే మనిషే అందులో ఉండడు. అయినా బావకు బస్సు కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పాడు కాబట్టి నోరు మూసుకొని రైలే ఎక్కాను.

బావ అంటే మా అక్క మొగుడు. వాళ్లది వడ్డేపల్లి దగ్గర పల్లె. ఉన్న చెలక సగం రాళ్లే. అందుకని బావ వయసంతా రాళ్లు కొట్టే పనుల్లోనే గడిచింది. బావులు, కాలువలు, సొరంగాలు, ఎక్కడ బండ తగిలితే అక్కడికి మేస్త్రీ ఈయననే పిలిచేవాడు. రెండు నెలల కింద ఛాతీలో నొప్పి వస్తే గ్యాసనుకొని సోడా తాగి పడుకున్నాడు. దవాఖానకు తెచ్చేసరికి ఒక పూట దాటింది. గుండెపోటని అప్పుడు తెలిసింది. మూడు నరాలు మూసుకున్నాయి, బైపాస్ చేయాలి అన్నారు. కానీ గుండె ముందు భాగం కదలడం లేదు. ఆ కండ చచ్చిపోయిందా, రక్తం అందక సొమ్మసిల్లి ఉందా అన్నది తేలితే గానీ పట్నం పెద్ద డాక్టరు కత్తి పట్టడట. అది తేల్చేది గుండెకు తీసే ఎమ్మారై. మా సర్కారు వైద్యం కార్డు మీద రాసిచ్చింది పట్నంలోని దవాఖానకు.

అక్కకు ఈ సంగతి ఒక్కసారి చెప్తే అర్థమైంది. "వాడిన చేనైతే నీళ్లు పెడ్తే లేస్తది. ఎండిన చేనుకు పెడ్తే ఏం లాభం? గంతే గద తమ్ముడా" అంది. నేను అవునన్నాను. గద్వాల డాక్టరు కాగితం మీద గీసిన గుండె బొమ్మ కంటే ఆమె మాటే నాకు బాగా ఎక్కింది.

రైలు వేళకే కదిలింది. కృష్ణ వంతెన మీద జనం కిటికీల్లోంచి దండాలు పెట్టారు. అక్క కూడా పెట్టింది, పెదాలు కదుపుతూ చాలాసేపు పెట్టింది. బావ మాత్రం కళ్లు మూసుకొని ఊపిరి బిగబడుతున్నాడు. నొప్పేమోనని నేను భుజం పట్టుకున్నాను. ఊపిరి వదిలి, "ప్రాక్టీసు చేస్తున్న బామ్మర్దీ" అన్నాడు. ఆ మిషనులో మాటిమాటికి ఊపిరి ఆపమంటారని, గుండె కదిలే వస్తువు కాబట్టి రొమ్ము కూడా కదిలితే ఫొటో చెదిరిపోతుందని గద్వాల డాక్టరు చెప్పాడట. అప్పటి నుంచి ఈయన పొద్దుమాపు అదే పని. చదువుకోని మనిషి పరీక్షకు తయారవుతున్నట్టు తయారయ్యాడు. చూస్తే నాకు నవ్వు రాలేదు, ఆయన ఊపిరి బిగబట్టినంతసేపూ అంకెలు లెక్కపెట్టాను.

వనపర్తి రోడ్డు స్టేషనులో ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. వాళ్ల నాయనకు అదే స్కాను పోయిన ఏడు తీయించిందట. "చప్పుడు మస్తుంటది పెద్దాయనా. రేకుల మీద రాళ్లేసినట్టుంటది. భయపడొద్దు" అంది.

"రాళ్ల చప్పుడుకు నేనెందుకు భయపడ్త" అన్నాడు బావ. దారిలో ఆయన మొహం కాస్త విచ్చుకోవడం అప్పుడే చూశాను.

కాచిగూడలో దిగేసరికి ఎండ ముదిరింది. దవాఖాన ఎదురుగా సందులో లాడ్జి. కింది అంతస్తులోనే గది అడగండి, లిఫ్టు ఉందంటారు గానీ నేను ఉన్న మూడు రోజుల్లో అది కదల్లేదు. మెస్సులో పప్పు నీళ్లు. అక్క ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టెలే ఆ పూటకు ఆదుకున్నాయి.

స్కాను మధ్యాహ్నం మూడింటికి. నేలమాళిగలో బరువైన తలుపు, దాని మీద ఎర్ర అక్షరాలు. లోపలి నుంచి ఆగకుండా చిన్న చప్పుడు వస్తోంది. స్కాను తీసే అమ్మాయి ఓపికగా మాట్లాడింది. లోపల ఉన్నది పెద్ద అయస్కాంతమని, స్కాను తీయనప్పుడు కూడా అది లాగుతూనే ఉంటుందని చెప్పింది. మొదట గుండె కొట్టుకుంటుండగా తీస్తారట. ఆ తర్వాత చేతి నరానికి ఒక మందు ఎక్కించి, కాసేపాగి మళ్లీ తీస్తారట. చచ్చిన కండ ఉన్న చోట మందు నిలిచిపోయి తెల్లగా కనిపిస్తుంది, బతికినది నల్లగా ఉంటుంది అంది. నేను తెలుపంటే మంచిదనుకున్నాను.

ఒంట్లో ఇనుము ఏమన్నా ఉందా అని అడిగింది. రాడ్లు, క్లిప్పులు, గుండెలో పెట్టే మిషన్లు అన్నీ పేరుపేరునా అడిగింది. బావ అన్నిటికీ లేదన్నాడు. మొలతాడు, తాయెత్తు, వేలి ఉంగరం అక్క కొంగులో ముడేసుకుంది. ఆయన దవాఖాన గౌను తొడుక్కొని నిలబడితే ఆ అమ్మాయి ఇనుమును పసిగట్టే కర్రలాంటి దాన్ని ఒంటి చుట్టూ తిప్పింది. ఎడమ ముంజేయి దగ్గర అది కుయ్యిమంది.

"ఏముంది ఇక్కడ?" అంది ఆమె.

"రాయి చిల్లమ్మా. పనికాడ పడ్తనే ఉంటయి. ఇనుమెక్కడిది" అన్నాడు బావ.

ఆయన అబద్ధం చెప్పలేదు. రాళ్లు కొట్టేవాళ్ల దగ్గర ఇదే అలవాటు. ఏది ఎగిరొచ్చి ఒంట్లో దిగినా అది రాయే. ఇంత పసుపు అద్ది మళ్లీ సమ్మెట అందుకుంటారు. దాన్ని తీయించుకుందామని కూర్చుంటే పక్కన ఉలి పట్టుకునే జోడీ పని కూడా ఆగుతుంది, అందుకని ఎవరూ కూర్చోరు. సమ్మెట పడ్డప్పుడు ఉలి తలే చిట్లి ఎగురుతుందని, దిగేది ఉక్కు ముక్కని ఆ అమ్మాయి చెప్పేదాకా నాకూ తోచలేదు. చేతిలో ఉంటే పెద్ద భయం లేదు, ఇంకెక్కడైనా పడిందా అని అడిగింది.

బావ తల అడ్డంగా ఊపాడు. అక్క వెనక నుంచి అంది, "కంట్ల గూడ పడ్డది గద. కొల్లాపూరు దిక్కు సొరంగం పనికి పోయినప్పుడు. మూడు దినాలు కన్ను తెరవకపోతివి."

ఆ అమ్మాయి చేతిలోని కర్రను పక్కన పెట్టేసింది. ముందు కంటికి ఎక్స్‌రే అంది.

ఎక్స్‌రేలో కుడి కంటి గుంటలో ఆవగింజంత తెల్ల చుక్క కనిపించింది. స్కాను డాక్టరు వచ్చి చూసి, లోపలికి పంపేది లేదన్నాడు. అయస్కాంతం దగ్గరికి పోతే ఆ ముక్క కదిలి కన్ను లోపల కోసేస్తుందట. బావకు ఎడమ కంటికి ఎప్పుడో పువ్వు పడింది. పనిచేసేది ఆ కుడి కన్నొక్కటే.

బావ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "పోతే పోనీ సారూ. ఒక్క కన్నే గద. గుండె సంగతి తెలుస్తది. నేను ఒప్పుకున్నట్టు సంతకం పెడ్త."

"మీరు పెట్టినా నేను తీయను" అన్నాడు డాక్టరు.

"ఊపిరి మస్తుగ ఆపుత సారూ. నేర్చుకొని వచ్చిన."

ఆ డాక్టరు బావ వీపు మీద చెయ్యి వేశాడు. నేను గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

వేరే స్కాను ఒకటి ఉందన్నారు, మందు సూది వేసి తీసేది. దానికి అయస్కాంతంతో పని లేదు. మర్నాడు పొద్దున పరగడుపున తీసుకుపోయాం. సాయంత్రం పెద్ద డాక్టరు పిలిచాడు. అక్కను మందుల దుకాణానికి పంపి నేనూ బావా లోపలికి వెళ్లాం. గుండె ముందు భాగం దాదాపు అంతా చచ్చిపోయినట్టే ఉంది, ఆపరేషన్ చేస్తే లాభం కంటే ప్రాణభయం ఎక్కువ, మందులతోనే నడుపుదాం అన్నాడు. ఎంతకాలం అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను ఇంకొకటి అడిగాను. "ఆ ఎమ్మారై అయి ఉంటే ఇట్లనే వచ్చేదా సారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పలేను. అది ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. అంచుల్లో కొంత బతికుందని తేలే అవకాశం లేకపోలేదు. కానీ చూడనిదాని గురించి నేనెట్ల చెప్పను?" అన్నాడు. మంచి మనిషి. అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది. బావ చేతులు కట్టుకొని వింటూ కూర్చున్నాడు.

ఆపరేషన్ లేదు, మందులే అని అక్కకు ఆ రాత్రి చెప్పాం. మూడో రోజు తిరుగు రైలు. మహబూబ్‌నగర్ దాకా అక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇచ్చిన అరటిపండు ఒళ్లో పెట్టుకొని మరిచిపోయింది. పక్కనున్న ఒక ముసలాయన, నాగర్‌కర్నూలుకు బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగితే జడ్చర్లలో దిగి ఉండాల్సింది, దాటిపోయింది అని కసిరాను. పాపం ఆయన చేసిన తప్పేం లేదు. మహబూబ్‌నగర్‌లో దింపి బస్టాండుకు దారి చెప్పి వచ్చాను.

ఇక్కడ మీకో మాట. మీ ఇంట్లో రాళ్లు కొట్టినవాళ్లు, గ్రైండింగ్, వెల్డింగ్ పనులు చేసినవాళ్లు ఉంటే ఈ స్కానుకు పోయే ముందే కళ్ల సంగతి చెప్పండి. అడిగినదానికి లేదని తొందరపడి అనకండి. పాత దెబ్బలన్నీ గుర్తు తెచ్చుకోండి. అక్క చెప్పింది కాబట్టి బావకు కన్ను నిలిచింది. ఈ మాట నేను అందరికీ చెప్పగలుగుతున్నాను, ఒక్క అక్కకు తప్ప.

గద్వాలలో దిగి బస్టాండుకు వచ్చాం. వడ్డేపల్లి బస్సు రావడానికి ఇంకా టైముంది. బావను బెంచీ మీద కూర్చోబెట్టాను. అక్క నన్ను రెండడుగులు పక్కకు పిలిచింది.

"తమ్ముడా, నేను ఆ కంటి మాట అనకుంటే ఆ పెద్ద మిషన్ల తీస్తుండ్రి గద. గుండె బతికే ఉన్నదని వస్తుండె గావచ్చు. కన్ను పోతే పోతుండె. మనిషి మిగులుతుండె. నేనే నోరు జారిన."

"ఏందక్కా నువ్వు. ఆ మిషన్ల తీసినా ఇదే వస్తుండెనంట. పెద్ద డాక్టరే చెప్పిండు" అన్నాను.

"నిజంగ చెప్పిండా?"

"చెప్పిండు."

ఆమె నా చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు పెట్టి చెప్పు."

మా అక్క నా కంటే పన్నెండేళ్లు పెద్దది. నన్ను ఎత్తుకొని తిరిగింది. ఆమె మీద అబద్ధపు ఒట్టు పెట్టిన తమ్ముడు ఉంటాడా? నేను పెట్టాను. చెప్పిండు అక్కా, నీ మీద ఒట్టు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క మాత్రం నా మొహంలోకి చూస్తూనే ఉంది, చెయ్యి వదల్లేదు.

బెంచీ మీద నుంచి బావ అన్నాడు, "వాడు చెప్పేది నిజమేనే. డాక్టరు ఆ మాట అన్నప్పుడు నేను ఆడనే ఉన్న."

అక్క అప్పుడు చెయ్యి వదిలింది. కొంగు ముడి విప్పి, ఉంగరం తీసి ఆయన వేలికి తొడిగింది. బస్సు వచ్చింది. బావను ముందు తలుపు నుంచి ఎక్కించాను. మెట్టు మీద ఆయన ఒక్క క్షణం ఆగి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.