సాల్మన్ సార్ ఆకురాయి పట్టిన పూట

ఎముకను ఆకురాయితో రాస్తే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. హిందూపురంలో నాది గిటార్లు బాగుచేసే చిన్న అంగడి. నిన్న ఒకామె ఎడమచేతి వాటం కూతురి కోసం గిటారు తెచ్చింది. గిటారు మెడ చివర తీగలు ఆనుకునే ఎముక పట్టీని నట్టు అంటాం. దాంట్లో ఒక్కో తీగ కూర్చునే గాళ్ళు రాస్తుంటే ఆ వాసన తగిలింది. పని ఆపి బయటికొచ్చి నిలబడ్డాను. సాల్మన్ సార్ పోయి చాలా ఏళ్ళయినా ఆ వాసనకు నాకు చేతులాడవు.

ధర్మవరంలో సార్ మా పక్క వాటాలో ఉండేవారు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తూ పెనుకొండ, గోరంట్ల తిరిగేవారు. మాది మగ్గమున్న ఇల్లు. ఒక పడుగు అయిపోతే కొత్త పట్టుపోగుల్ని పాత కొసలకు వేళ్ళతో పురిపెట్టి అతకాలి. అది ఇంటి ఆడపిల్లల పని. నాది ఎడమచెయ్యి కాబట్టి నా పురి ఎదురు తిరిగేది, నాయన సరిచేయబోతే విడిపోయేది. “నువ్వు చెయ్యి పెడితే నాకు రెండు పన్లు. పక్కకి పో” అనేవాడు. కోపంగా అన్నా బాగుండేది, విసుగ్గా అనేవాడు. అక్కడినుంచి నేరుగా సార్ వసారాలోకి పోయేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా సార్‌కి పక్షవాతం వచ్చింది. పడిపోయింది ఎడమచెయ్యి, తీగలు నొక్కే చెయ్యి. హిందూపురం డాక్టరు వ్యాయామాలు చెప్పి, చూద్దాం అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన రోజంతా రబ్బరు బంతి పిసికేవారు. ఆయన భార్య మేరమ్మత్త పొద్దూ మాపూ నూనె రాసేది. ఒకనాడు గోడకున్న గిటారు తీసి నాకు తోచినట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. తిరగేసి పట్టుకున్నానని తర్వాత తెలిసింది. తిడతారనుకున్నాను.

“అట్లే పట్టుకో పాపా. నీకదే వాటం. తీగలు తిప్పి కడదాం” అన్నారు.

ఆయన చెబుతుంటే నేనే కట్టాను. కానీ లావు తీగ సన్నగాడిలో ఇమడలేదు. గట్టిగా మీటితే ఎగిరి పక్కకొచ్చేది. సన్న తీగ పెద్దగాడిలో కదిలి గరగరలాడేది.

“గాడి పెద్దది చేస్తే సరిపోదా సార్?”

“సరిపోతాది. మళ్ళా నా తీగ దాంట్లో నిలబడదు. నా చెయ్యి రానీ, చూద్దాం.”

మా వైపు కొత్త నట్టు దొరికే కాలం కాదది. అందుకే నెలల తరబడి ఆ గరగరతోనే నేర్చుకున్నాను. నాకు ఏడుపొచ్చేది. అయినా ఇంకోసారి అడగలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు డాక్టరు ఇంక ‘చూద్దాం’ అనలేదని మేరమ్మత్త తర్వాత చెప్పింది. సార్ ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా నన్ను పిలిచారు.

“ఆ పెట్టెలో ఆకురాయి ఉండాది, తే పాపా.”

నేను గిటారు మెడ గట్టిగా పట్టుకున్నాను. ఆయన కుడిచేత్తో సన్నగాళ్ళు రాసి పెద్దవి చేశారు. ఎడమచెయ్యి ఆయన ఒళ్ళో ఊరికే పడి ఉంది. మేరమ్మత్త గడపలోకొచ్చి నిలబడింది.

“ఇంగ కొన్నాళ్ళు చూస్తే ఏమి?”

“చూసింది చాల్లే” అన్నారు తలెత్తకుండా.

రాలిన పొడిని జిగురులో కలిపి పాత పెద్దగాళ్ళను పూడ్చి సన్నవి చేశారు. ఆరాక తీగలు కట్టాను. మీటితే గరగర లేదు. అంత చక్కటి మోత ఆ గిటారులో నేనెప్పుడూ వినలేదు. సంతోషం ఆపుకోలేక నవ్వేశాను. ఆ వెంటనే ఆయన ముఖం చూసి ఏడ్చాను.

సార్ తన కుడిచేతి వేళ్ళను తీగల మీద పెట్టి ఏదో నొక్కబోయారు. వేళ్ళు ఒకదాని మీదొకటి పడ్డాయి. “ఈ చేతికేమీ తెలీదు” అని తీసేశారు. “ఇంగ ఇది నాకు పలకదు. నువ్వు వాయించు.”

మరుసటి వానాకాలం చూడకుండానే ఆయన పోయారు. సమాధి దగ్గర్నుంచి రాగానే మేరమ్మత్త గిటారు నా చేతిలో పెట్టి, “నీకు తప్ప ఎవరికీ పనికిరాదు కదమ్మా” అంది.

పదిమంది ముందు వాయించినప్పుడు నాకు గర్వంగానే ఉంటుంది. దాన్ని దాచుకోను. కానీ నేను ఆ వసారాలోకి పోకుండా ఉండి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు ఆశతో బతికేవారేమో అన్న మాట నన్ను వదలదు. ఆ మాట అడుగుదామనే ధర్మవరం వెళ్ళి మేరమ్మత్త ముందు కూర్చుంటాను. అడగలేక వాయిస్తాను. ఆమె చివరిదాకా నా చేతులే చూస్తూ వింటుంది. “బాగా వాయించినావు, అన్నం తిని పో” అంటుంది. ఆనాడు గడపలో నిలబడి సార్‌ని అడిగిన మాట మాత్రం ఆమె మళ్ళీ ఎత్తలేదు.