యాభై దాటాక పీజీ

యాభై దాటాక ఫ్యామిలీ మెడిసిన్ పీజీ కోర్సులో చేరాను. ఆదివారాలు రాప్తాడులో నా క్లినిక్‌కు తాళం వేసి అనంతపురం క్లాసులకు పోవడం మా పేషెంట్లకు అస్సలు నచ్చలేదు.

"ఇంకా చదువుతాండావా మేడమ్? మరి ఇన్నాళ్ళూ ఏం తెలిసి సూదులేసినావు?" అని ఒకామె మొహం మీదే అడిగింది. నాకు ఒళ్ళు మండింది. చదువు ఆపేసిన డాక్టరే చదువు పూర్తయిన డాక్టరని మా వాళ్ళ లెక్క. అయినా నేను బస్సెక్కడం మానలేదు.

వేరుశనగ పీకే రోజుల్లో ఒక పొద్దున, క్లినిక్ తలుపు తీయగానే ఒక రైతు తన కొడుకును భుజం పట్టి నడిపించుకొచ్చాడు. అడవిపందులకు కాపలాగా చేలో నేల మీద పడుకున్న ఆ యువకుడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడట.

"గ్యాసుంటాది మేడమ్. ఒక సూదేసి పంపు, చేన్లో పని ఉండాది" అన్నాడు తండ్రి.

పొట్ట మెత్తగానే ఉంది. పైకి చూడమన్నాను. రెప్పలు సగంలోనే ఆగిపోయాయి. అంతకు ముందు నెల క్లాసులో విన్నది సరిగ్గా ఇదే. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి తెలియదు, గాటూ కనబడకపోవచ్చు. కడుపునొప్పి, వాలే రెప్పలు, ఆ తర్వాత ఊపిరి ఆగిపోవడం. ఆ క్లాసు వినకపోతే నేనూ గ్యాసుకే ఇంజెక్షన్ ఇచ్చి పంపేదాన్ని.

"పామా? యాడుండాది గాటు?" తండ్రి కోపంగా లేచాడు. "నీకింకా చదువే అయిపోలేదంట. వేరే డాక్టరు దగ్గరికి పోతాం."

"దారిలో ఊపిరి ఆగితే ఏం చేస్తావన్నా? చదువుతాండాను కాబట్టే నాకిది తెలిసింది. అంబులెన్సును పిలుస్తాండా. నేనూ వస్తా."

అంతలో కొడుకు "నాయనా" అనబోయాడు. మాట ముద్దగా వచ్చింది. తండ్రి కొడుకును పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

అంబులెన్సు దారిలో ఉండగానే కొడుకు ఊపిరి తగ్గిపోయింది. మూతికీ ముక్కుకీ మాస్కు పెట్టి, పెద్దాసుపత్రి చేరేదాకా దానికి తగిలించిన గాలి తిత్తి నొక్కుతూనే ఉన్నాను. భయం లేదంటే అబద్ధం. అనుమానం మాత్రం లేదు. అక్కడ విషానికి విరుగుడు మందు ఎక్కించి, వెంటిలేటర్ పెట్టారు.

కొన్నాళ్ళకు చూడ్డానికి వెళ్తే అతను మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తండ్రి నా వెంట వరండాలోకి వచ్చాడు.

"గాటు లేని పాముకాటు సంగతి నీకెవరు చెప్పినారు మేడమ్?"

"మాకు పాఠం చెప్పే ఆవిడ. వయసులో నాకన్నా చాలా చిన్నది."



"ఆదివారం పోతావు గదా. ఆయమ్మకు నా దండం చెప్పు" అన్నాడు.