నిమ్మకాయ బరువు

మొన్న సూర్యాపేటలో మా మనవడు రిమోటు విమానం ఎగరేస్తానంటే చూడబోయాను. అది రెండుసార్లు ముక్కు పైకెత్తి, వెనక్కి వాలి కూలింది. వాడు కంగారుపడకుండా ముక్కు దగ్గర రెండు నాణేలు అంటించాడు; మూడోసారి చక్కగా లేచిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేను మాత్రం ఆ నాణేల వైపే చూస్తుండిపోయాను.

నిజాం పాలనను ముగించడానికి యూనియన్ పటాలాలు కోదాడ బాటన వచ్చిన మరుసటి ఏడు, ఆకాశంలో చూసిన విమానాల పిచ్చి తలకెక్కి, మా పెన్‌పహాడ్‌లో నేనూ ఒకటి చేశాను. వెదురు బద్దలు చీల్చి, పతంగి కాగితం అంటించి, సైకిలు ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీని మెలిపెడితే గిరగిర తిరిగే చెక్క రెక్క ఒకటి ముందు బిగించాను. రేడియో లేదు, రిమోటు లేదు. చేయి వదిలాక దాని ఇష్టం. వారం రోజులు అది లేచినట్టే లేచి తోక మీద కూలబడింది. చివరికి మా నాయనమ్మ, "దిష్టిరా కొడకా! వాడకట్టు కండ్లన్నీ దీని మీదనే ఉన్నయ్" అంటూ ఒక ఎండు నిమ్మకాయను దారంతో దాని ముక్కుకు కట్టింది. ఆ సాయంత్రం అది మా కొట్టం దాటి జొన్నచేనులో దిగింది. ఐదేళ్ల మా చెల్లె వెంటపడి పరుగెత్తి, "అన్నా, ఇంకోపారి ఇడువు, నన్ను గూడ ఎక్కియ్యి!" అని గంతులేసింది. "సూసిన్రా నా నిమ్మకాయ తడాఖా!" అని నాయనమ్మ వాడంతా చెప్పుకుంది.

మర్నాడు అనుమానం తీరక, నిమ్మకాయ విప్పి, అంతే బరువున్న గులకరాయి కట్టి, చెరువుకట్ట కింద ఒంటరిగా ఎగరేశాను. అంతే బాగా ఎగిరింది. తోక బరువుకు ముక్కు బరువు సరిపోవడమే అసలు సంగతి. కాని నాయనమ్మ మురిపెం చూసి, చదువు చెడుతోందని తిట్టే నాయన తిట్టడం మానడం చూసి, నిమ్మకాయను మళ్లీ ముక్కుకు కట్టి, రాయిని జేబులో వేసుకుని ఊరుకున్నాను.

ఆ నెలలోనే చెల్లెకు జ్వరం పట్టుకుంది. మూడోనాటికి కళ్లు తెరవలేదు. సూర్యాపేట దవాఖానకు పోదామని నాయన బండి కట్టాడు. నాయనమ్మ చెల్లె మెడలో నిమ్మకాయ కట్టి వాకిట్లో అడ్డం నిలబడింది. "వెదురుబద్దల్ని లేపిన నిమ్మకాయ పిల్లను లేపదారా? జర రెండొద్దులు ఆగు."

ఆ విమానం ఎగరడం నాయన కళ్లారా చూసినవాడు. ఎడ్లను విప్పేశాడు. నేను అక్కడే ఉన్నాను. జేబులో గులకరాయి చేతికి తగులుతూనే ఉంది, అది ఉత్త బరువు నాయనా అన్న ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ బండి కట్టారు గాని, సగం దారిలోనే చెల్లె ఒళ్లు చల్లబడింది.

ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా మూఢనమ్మకాల మీద ఎన్ని వేదికలెక్కి గొంతు చించుకున్నానో! నాటి బండిబాట ఇప్పుడు తారురోడ్డు. ఆ రోడ్డు మీద రోగిని మోసుకుపోయే అంబులెన్సుకు కూడా నిమ్మకాయ వేలాడటం చూశాను. ఒళ్లు మండింది. కాని మా నాయనమ్మను తిట్టడానికి నాకు నోరు రాదు; ఆమెకు తెలియదు, నాకు తెలుసు. నేను తప్పక మాట్లాడవలసిన సభ ఒక్కటే, అది మా వాకిట్లో జరిగింది. వినవలసినవాళ్లు ఇద్దరే.