అనిత కట్టిన రోగి వేషం

మా చిన్నప్పుడు... రఘునాథపల్లిలో మా హైస్కూలు సైకిళ్ల షెడ్డు కింద, నవంబరు చలిలో, తొమ్మిదో తరగతి వాళ్లమంతా నాటకం నేర్చుకుంటున్నాం. ఎయిడ్స్ దినానికని మా విజయ టీచర్ వేయిస్తున్న నాటకం.

మొదటిరోజు టీచర్ పుస్తకం తెరవలేదు. "ఈ రోగం ఎట్ల వస్తదో మీకు తెలిసింది మీరే చెప్పండి" అన్నారు.

దోమ కుడితే అని ఒకరు... ఒకే గ్లాసులో నీళ్లు తాగితే అని ఒకరు... "బొంబాయి పోతే వస్తది టీచర్" అని సమ్మయ్య. "మా అవ్వ గా పేరే తియ్యొద్దన్నది" అని నేను.

టీచర్ అన్నీ విని, ఓపిగ్గా చెప్పారు. జాగ్రత్త లేని కలయిక వల్ల, ఒకరికి గుచ్చిన సూది మరొకరికి గుచ్చితే, పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే, తల్లి నుంచి బిడ్డకు... ఇలాగే వస్తుంది. తాకితే రాదు, కలిసి తింటే రాదు. కండోమ్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి మగపిల్లలు నేల చూశారు, మేము జడలు సర్దుకున్నాం. "నవ్వు అయిపోయేదాక అందరు పలకండి" అన్నారు టీచర్. పలికాం... మళ్లీ పలికాం... చివరికి అది కూడా చాక్‌పీసు, డస్టరు లాంటి మాటే అయిపోయింది.

అసలు తిప్పలు వేషాలు పంచేటప్పుడు వచ్చాయి. డాక్టరు వేషానికి అందరూ చేతులెత్తారు, అది సమ్మయ్యకు దక్కింది. రోగి వేషానికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

"నేను చేస్త టీచర్. యాక్షనే గదా" అని లేచింది అనిత.

అనిత నా పక్క బెంచీ. ఊరి బయట తండా నుంచి ఆటోలో వచ్చేది. ఇంట్లో లంబాడీ మాట్లాడేది, బడిలో మాకంటే గట్టిగా తెలుగు చదివేది. వాళ్ల నాయిన మేస్త్రీ పనికి దూరం ఊళ్లు పోయేవాడు.

నాటకం బస్టాండు దగ్గర వేశాం. కళ్ల కింద పొయ్యి బూడిద రాసుకుని, దుప్పటి కప్పుకుని, అనిత దగ్గుతూ దగ్గుతూ ప్రాణం విడిచింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. మాకు భలే సంబరం...

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఆటోలో అనిత ఎక్కగానే ఒకామె పిల్లాడిని ఒళ్లోకి లాక్కుని జరిగి కూర్చుందట. మిర్చీబండి దగ్గర గ్లాసు ఇవ్వకుండా దోసిట్లో నీళ్లు పోశారట. జనం నాటకాన్ని నిజమనుకున్నారు. తండ్రి దూరం పోయి పని చేస్తాడు కదా, ఆ మాటకు కాళ్లొచ్చాయి.

ఒకరోజు వాళ్లమ్మ బడికే వచ్చింది. "నా బిడ్డకు రోగమున్నదంటున్నరు టీచరమ్మా. మా ఇంటి దిక్కు ఎవరు వస్తలేరు. ఇగ నాటకమొద్దు, సదువొద్దు" అని అనిత చెయ్యి పట్టుకుంది.

సమ్మయ్య ముందుకొచ్చి, "గామెకు ఏ రోగం లేదని మైకుల చెప్పిద్దాం టీచర్" అన్నాడు. మాకందరికీ నచ్చింది. అనితకే నచ్చలేదు.

"నాకు లేదని మైకుల చెప్తరు. మరి నిజంగ ఉన్నోళ్లు ఏం చెయ్యాలె? వాళ్లకు దోసిట్ల పోసుడేనా నీళ్లు?"

వాళ్లమ్మ కూతురి మొహం చాలాసేపు చూసింది. ఆ తర్వాత చెయ్యి వదిలి, "అయితే గా నాటకం మా తండాల వెయ్యండి. మా మాటల వెయ్యండి. మా ముసలోళ్లకు మీ తెలుగు సమజ్ కాదు" అంది.

మళ్లీ మొదలుపెట్టాం... ఈసారి అనితే మాకు టీచర్. మాటలన్నీ లంబాడీలోకి మార్చింది. "గీసారి నేను సావ. దవాఖాన మందులు మింగుకుంట బతుకుత" అని ముగింపు కూడా మార్చింది. టీచర్ సరేనన్నారు.

తండాలో ఆదివారం పొద్దున వేశాం. సమ్మయ్య నోట లంబాడీ మాటలు వినగానే పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా కడుపులు పట్టుకుని నవ్వారు. తప్పు పలికిన ప్రతిసారీ నలుగురు అరిచి సరిదిద్దేవారు, వాడు వాళ్లు దిద్దినట్టే మళ్లీ చెప్పేవాడు. నాటకం చివర రోగి అందరితో కలిసి తినాలి. వాళ్లమ్మ నిజంగానే జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు తెచ్చి పెట్టింది. అనిత పళ్లెంలోంచి నేను తిన్నాను, సమ్మయ్య తిన్నాడు, టీచర్ కూడా కింద కూర్చుని తిన్నారు. ముందు వరసలోని ముసలవ్వ ఒకామె లేచి వచ్చి ఒక ముక్క తుంచుకుంది... ఆ తర్వాత మాకు రొట్టెలు మిగల్లేదు.

అందరూ లేచిపోయాక, వలస పని నుంచి వచ్చిన ఒక అన్న సమ్మయ్య దగ్గరికి వచ్చాడు. సమ్మయ్య ఒంటి మీద ఇంకా డాక్టరు వేషం తెల్లకోటు ఉంది. "పరీక్ష యాడ చేస్తరు?" అని మెల్లగా అడిగాడు. సమ్మయ్య నవ్వలేదు. "జనగామ పెద్ద దవాఖానల అన్నా. నీ పేరు ఎవలకు చెప్పరు" అన్నాడు, అంతే మెల్లగా. మా నాటకం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

అనిత చదువు ఆగలేదు. ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంటుంది, బస్సు కండక్టరు. నేను చెల్పూర్ దగ్గర స్థిరపడ్డాను. మొన్న నా కూతురు అన్నం తింటూ, "పెళ్లికి ముందే ఇద్దరు టెస్టు చేయించుకోవాలె గదమ్మా, దాంట్ల సిగ్గేముంది?" అంది. నా గుండె నిండిపోయింది.

ఇప్పుడు డిసెంబరు వస్తే ఫోన్లో ఎయిడ్స్ దినం ఎర్ర రిబ్బను బొమ్మలు వస్తాయి... ఒక గుండె గుర్తు నొక్కి పక్కకు జరుపుతాం. పిల్లలకు మాకంటే చాలా తెలుసు, సంతోషమే. కానీ ఊరంతా ఒక్కచోట చేరి, నవ్వి, ఏడ్చి, అడగాలనుకున్నది అడిగిన ఆ ఆదివారాలు ఏమైపోయాయో...

మీ బడిలో మీరూ ఏదో ఒక వేషం కట్టే ఉంటారు. ఎవరూ ఒప్పుకోని వేషం మీ ఊళ్లో ఎవరు కట్టారు? చెప్పండి, వింటాను...