అచ్చంపేట నుంచి తెచ్చిన తరిమెన

తిరుమలగిరిలో నేను గుంటమగ్గం నేసేవాణ్ణి. ఎడ్లబండి చక్రం కింద పడి నా ఎడమకాలు మోకాలి దగ్గర నుజ్జయింది. మగ్గానికి రెండు కాళ్లూ ఆడాలి. ఇక నేయలేనని ఒప్పుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. కూర్చుని చేసే పని కోసం వెతుక్కుంటే, కర్రను తిప్పుతూ గుండ్రంగా చెక్కే తరిమెన తోచింది. వాడనిండా మగ్గాలే. నూలు చుట్టే కర్ర కండెలు అందరికీ కావాలి.

నల్లగొండలో ఒక దుకాణంలో ఇనుప తరిమెన చూశాను. అది కరెంటుతో తిరిగేది. మా వాడకు కరెంటు లేదు, ఆ ధరా మాకు అందేది కాదు. కాలితో తొక్కేది ఇంకొకటి ఉంది. దాని ముందు ఒంటికాలిపై నిలబడలేక తూలాను. నా భార్య భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

అచ్చంపేటలో మంచంకోళ్లు చెక్కే ముసలాయన పోయాడనీ, ఆయన భార్య దగ్గర పనిముట్లు ఉన్నాయనీ విని ఇద్దరం బస్సెక్కాం.

ఆమె వాకిట్లో రెండు చెక్క దిమ్మలు, వాటికి ఎదురెదురుగా ఇనుప మొనలు, కర్రకు చుట్టి లాగే తోలుపట్టె. ఉలులు మూడే. ఇంకొన్ని ఉంటే బాగుండేదన్నాను.

"మూడు సాలు కొడకా. శెక్కనీకి ఒకటి, నునుపు జేయనీకి ఒకటి, తెంపనీకి ఒకటి. ముందుగాల గీ రెండు మొనలు సక్కగ ఎదురువడ్డయా సూడు," అంది ముసలమ్మ.

మొనల మధ్య సగం చెక్కిన మంచంకోడు అలాగే ఉంది. ఆయన వదిలి లేచిన పని అది.

"పట్టె గుంజేదెవరు? ఆయనకు ముప్పై ఏండ్లు నేనే గుంజిన."

"నేను గుంజుత అవ్వా," అంది నా భార్య.

ముసలమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతికి ఉలి ఇచ్చి ఆ కోడు చెక్కమంది.

"ఆయన జేసింది ఖరాబైతది అవ్వా," అన్నాను.

"కానియ్యి," అని పట్టె లాగింది.

ఉలి గుచ్చుకుని కోడు మెడ దగ్గర పెద్ద పెచ్చు లేచింది. నా చేయి ఆగిపోయింది. ఆమె కోడు ఊడదీసి ఒళ్లో పెట్టుకుని, ఆ గాటును బొటనవేలితో తడిమింది.

"ఆఖరి సెయ్యి ఆయనదే ఉన్నన్ని దినాలు ఇయ్యబుద్ధి గాలే. గిప్పుడు నీ సెయ్యి వడ్డది. తీస్కపోండ్రి."

ఆమె అడిగిన ధర మేము ఇవ్వగలిగినంతే. కోడు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

ఇంటికొచ్చాక మొదటి కండెలన్నీ పగిలాయి. నా భార్య అరచేతులు బొబ్బలెక్కాయి. వానాకాలం పోయేసరికి రెండిళ్ల మగ్గాల్లో మా కండెలు ఆడాయి.

మరుసటేడు నాలుగు మంచి కండెలు మూటగట్టుకుని అచ్చంపేట వెళ్లాం. ఇంటికి తాళం ఉంది. కూతురింటికి పోయిందన్నారు పక్కింటివాళ్లు. ఆమెకు ఇవ్వమని కండెలు వాళ్ల చేతిలో పెట్టి వచ్చాం.